డ్రయ్యర్ ఆగిపోయిన రోజులు

ముందుగా ఒక మాట. నేను అయిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు నాకు సరిగ్గా రావు, ఎక్కడ చుక్క పెట్టాలో కూడా తెలియదు. మా వీధిలో ఉండే టీచరమ్మ ఆడవాళ్లందరం ఏదో ఒకటి రాసి ఇవ్వాలని అడిగారు. నాకేముంది రాయడానికి అంటే, ఇంట్లో జరిగిందే రాయండి అన్నారు. నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది. బాగా రాయలేకపోతే నవ్వుకోండి గానీ కోప్పడకండి.

మా ఇంట్లో వాషింగ్ మిషన్ పాడైపోయింది. దాన్ని బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని మేము పద్దెనిమిది రోజులు ఆలోచించాము. అంతే కథ. కానీ ఆ పద్దెనిమిది రోజుల్లో ఇంకొకటి జరిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాదు.

మేము పామిడిలో ఉంటాము. మా ఆయన తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే దగ్గర పని చేస్తాడు. పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వస్తాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. పిల్లలు వాళ్ల వాళ్ల ఇళ్లల్లో ఉన్నారు. మూడేళ్ల కింద అత్తకు ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. మంచం మీదే అన్నీ. పెద్దవాళ్లకు కట్టే ప్యాడ్లు తెచ్చి చూశాము. ఎండాకాలంలో వాటికి తొడలు ఒరిసి పుండ్లు పడ్డాయి. అందుకని కింద పాత చీరలతో కుట్టిన బొంతలు వేస్తాను. రోజుకు రెండు బొంతలు, మూడు చీరలు ఉతకాలి.

పోయినేడు నేను వేరుశనక్కాయలు వలిచే పనికి పోయి, ట్రాక్టరు మీది నుంచి దిగుతూ కుడి చెయ్యి కింద పెట్టి పడ్డాను. మణికట్టు విరిగింది. కట్టు విప్పినాక అన్నం తినడానికి, ముగ్గు వేయడానికి పనికొస్తుంది గానీ మెలి తిప్పడానికి రాదు. బట్టలు పిండలేను. బొంతలైతే అసలు కాదు. తడిసిన బొంత ఒక మనిషంత బరువు ఉంటుంది.

మాది రెండు తొట్లు ఉండే మిషన్. ఎడమ తొట్టిలో ఉతుకుతుంది, కుడి తొట్టిలో వేస్తే గిరగిరా తిప్పి నీళ్లు పిండేస్తుంది. దాన్ని మేము డ్రయ్యర్ అంటాము. కొళాయిలో నీళ్లు నాలుగు రోజులకు ఒకసారి వస్తాయి. వాటిని డ్రమ్ముల్లో పట్టుకుని, బకెట్‌తో ముంచి మిషన్‌లో పోస్తాను. కొళాయి నీళ్లు అయిపోతే వీధిలో బోరు నీళ్లు. నా చెయ్యి విరిగినాక ఆ డ్రయ్యరే నా చెయ్యి అనుకోవచ్చు.

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున అది గుర్ గుర్ అని రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. మూత తీసి చేత్తో తిప్పాను. తిరగలేదు. మాడిన వాసన వచ్చింది.

ఆ ఆదివారం మా ఆయన బస్టాండు దగ్గర ఉండే మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు. మిషన్ మా అత్త మంచం పక్కనే, గోడవారగా ఉంటుంది. అతను వెనక రేకు విప్పి, బోర్లా పడుకుని టార్చి వేసి చూశాడు.

"అక్కా, దీంట్లో యేం నీళ్లు పోస్తాండావు నువ్వు?"

"బోరు నీళ్లు, కొళాయి నీళ్లు. ఏవి ఉంటే అవి."

"నీళ్లు పోస్తే ఇట్ల కాదు. ఎవరో సిమెంటు కలిపి గోడ కట్టినట్టుండాది లోపల."

చెయ్యి పెట్టి ఒక పెళ్ల ఊడదీసి బయట వేశాడు. మా ఆయన దాన్ని తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. అది ఆయన పాలిష్ పట్టే నల్ల బండ పొడి. పని బట్టలను ముందు బయట దులిపి, ఒకసారి జాడించి, ఆ తర్వాతే మిషన్‌లో వేయాలి. చెయ్యి విరిగినాక నేను ఆ జాడించడం మానేసి నేరుగా వేసేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఈ మట్టి పోయి రబ్బరును కోసేసింది," అన్నాడు మెకానిక్. "రబ్బరు కారి నీళ్లు మోటార్ మీద పడినాయి. డ్రయ్యర్ మోటార్ కాలిపోయింది. కొత్త మోటార్ ఏస్తే తిరుగుతాది. కానీ కింద రేకు చూడన్నా, వేలు పెడితే అప్పడం మాదిరి ఇరిగిపోతాంది. నేను గ్యారంటీ ఇయ్యను."

"ఏమప్పా, తిరుగుతాది అంటావు, గ్యారంటీ లేదంటావు. ఏదో ఒకటి చెప్పు," అన్నాడు మా ఆయన.

"నేను మోటార్ సంగతి చెప్తాండాన్నా. మిషన్ సంగతి మిషన్‌నే అడుగు నువ్వు."

మంచం మీద నుంచి మా అత్త అడిగింది. "ఉతికే పక్క పని చేస్తాందా?"

"చేస్తాందవ్వా. అది బాగుండాది."

"అయితే నా మాదిరే ఉండాది. ఒక పక్క పోయింది, ఒక పక్క ఉండాది."

అందరం నవ్వాము. మెకానిక్ అయితే స్క్రూ డ్రైవర్ కింద పెట్టి మరీ నవ్వాడు. మా ఆయన నవ్వుతూనే అన్నాడు, "పాతదానికి దుడ్లు పెట్టేది దండగప్పా. ఇంకెన్ని దినాలు వస్తాది. కొత్తది తెచ్చుకుంటాము." మెకానిక్ రేకు బిగించకుండానే వెళ్లిపోయాడు. కొత్తది కొనేటప్పుడు పాతది అక్కడ ఇస్తే కొంత తగ్గిస్తారు కదా, దాన్ని ముట్టవద్దు అన్నాడు మా ఆయన.

ఆయన మనసులో ఆటోమేటిక్ మిషన్ ఉంది. ఆయనతోపాటు పని చేసే ఒకాయన ఇంట్లో కొన్నారంట. బట్టలు వేసి బటన్ నొక్కితే అదే ఉతికి, అదే పిండి, పాట పాడి పిలుస్తుందంట. నీ చేతికి అసలు పనే ఉండదు అన్నాడు నాతో. నాకు వద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన బట్టల మట్టి వల్లనే పోయిందని ఆయనకు బాధ. నేను జాడించకపోవడం వల్ల పోయిందని నాకు బాధ. ఇద్దరం ఆ బాధను దాచుకుని మిషన్ల గురించి మాట్లాడుకున్నాము. అన్నం తినేటప్పుడు అదే, టీ తాగేటప్పుడు అదే. అన్ని మాటలూ మా అత్త మంచం పక్కనే. మా ఇంట్లో వేరే చోటు లేదు.

తరువాతి ఆదివారం పక్కింటామెను అత్త దగ్గర కూర్చోబెట్టి ఇద్దరం బస్సెక్కి అనంతపురం పోయాము. షాపులో చల్లగా ఉంది. వరసగా మిషన్లు. అక్కడ పని చేసే ఒక పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని మంచిగా చెప్పాడు. అన్నీ చెప్పినాక అడిగాడు.

"ఇంటిమీద ట్యాంకు ఉంది కదా? కొళాయి నుంచి ధారగా నీళ్లు రావాలి దీనికి. బకెట్‌తో పోస్తే తీసుకోదు."

"ఉండాది," అన్నాడు మా ఆయన.

నేను ఆయన మొహం చూశాను. మా ఇంటిమీద ఏముంది, పాత మంచం కోళ్లు రెండు, పిడకలు. ఆ చల్లని షాపులో, అద్దాల ముందర నిలబడి, మా ఇంట్లో డ్రమ్ములే ఉన్నాయి సార్ అని చెప్పడానికి ఆయనకు సిగ్గు వేసింది. నాకూ సిగ్గే. నేను కూడా తల ఊపాను. ఏం మనుషులమో మేము.

తిరుగు బస్సులో అడిగాను.

"ట్యాంకు యాడుండాది?"

"కట్టిస్తాలే."

"ఎప్పుడు?"

"కట్టిస్తా అంటాండా గదా. ముందర ట్యాంకు, ఆమైన మిషన్. కింద సంపు తవ్వల్ల, మోటార్ పెట్టల్ల, పైకి పైపులు. ఒక నెల."

"నెల రోజులు నేనెట్ల?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వద్దు, పాతది బాగు చేయిద్దాం అని గట్టిగా చెప్పి ఉంటే సరిపోయేది. నా నోట్లో దాకా వచ్చింది. మళ్లీ మింగేశాను. రేకు అప్పడంలా విరుగుతున్నదానికి ఖర్చు పెట్టి, అది రెండు నెలలకు ఆగిపోతే ఏం చేయాలి. ఆయన చెప్పిందే నిజమేమో. కాదేమో. ఆ వారమంతా నాకు ఇదే. ఎసరు పెట్టి బియ్యం పోయడం మరిచిపోయాను ఒకరోజు. వాకిట్లోకి పోయేది, లోపలికి వచ్చేది, మిషన్ మూత ఎత్తి డ్రయ్యర్‌ను చేత్తో తిప్పి చూసేది. దానంతట అది బాగైపోయి ఉంటుందేమోనని.

ఉతికే పక్క పని చేస్తుంది కాబట్టి ఉతకడం అవుతోంది. పిండడమే కష్టం. బొంతను తొట్టిలో నుంచి ఎత్తి, నీళ్లు కారుతుండగానే ఎడమ భుజం మీద వేసుకుని, పెరట్లో గోడ మీద పడేసేదాన్ని. చీరంతా తడిసిపోయేది. ఎత్తేటప్పుడు కుడి చెయ్యి తగిలితే ప్రాణం పోయినంత పని. రెండు మూడు రోజులకు మణికట్టు మళ్లీ వాచింది. నూనె రాసి గుడ్డ కట్టుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది నాకు రాయాలని లేదు. కానీ ఇదే రాయాలి.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో బొంతలు తగ్గాయి. రోజుకు రెండు తడిసేవి ఒకటి అయింది. ఒకరోజు ఆ ఒక్కటి కూడా పొడిగానే ఉంది. నేను సంతోషపడ్డాను. ఎందుకు తగ్గాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. దేవుడు నా చేతిని చూశాడు అనుకున్నాను. అత్త సంగటి కూడా తక్కువ తింటోంది. మజ్జిగ ఇస్తే "సగం చాలు" అంటోంది. ఎండలు కదా, ఎవరికైనా ఆకలి ఉండదు అనుకున్నాను. పొద్దున చెంబు నిండా నీళ్లు ఆమె కుడిచేతి పక్కన కిటికీలో పెడతాను. మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. మళ్లీ నింపుతాను. అది రోజూలాగే ఖాళీ అవుతోంది. అందుకే నాకు అనుమానం రాలేదు.

ఒకరోజు పక్కింటామె గోడ అవతల నుంచి కేకేసింది.

"ఏమక్కా, మా కోళ్లకు ఏం పెడతాండావు నువ్వు?"

"నేనేం పెడతా తల్లీ నీ కోళ్లకు."

"పొద్దున గంప తీస్తే మీ కిటికీ కిందనే పోయి పడుంటాండాయి. ఇంటికి రమ్మంటే రావు. గుడ్లు గూడా ఆడనే పెడతాండాయా ఏమి?"

"గుడ్లు నేను తింటాండానని అంటావా?"

"నేనట్ల అన్యానా? గింజలు గీంజలు చల్లుతాండావేమో అని అడుగుతాండా."

"రా, వచ్చి చూసుకో నీ గింజలు."

కోపంగానే ఇద్దరం ఇంటి పక్క సందులోకి పోయాము. అటు ఎవరూ వెళ్లము, మా గోడకూ వాళ్ల గోడకూ మధ్య రెండు మూరల సందు. కిటికీ కింద నాలుగు కోళ్లు రెక్కలు దించుకుని పడుకుని ఉన్నాయి. ఊరంతా నేల పగుళ్లు విడిచిన ఎండలో అక్కడ మాత్రం బురద. కోళ్ల కాళ్ల గుర్తులు.

"ఈడ తడి యాడిది?" అంది ఆమె.

నేను గోడ చూశాను. కిటికీ అంచు నుంచి కిందిదాకా తెల్లగా చారలు. మా బోరు నీళ్లు ఎక్కడ ఆరితే అక్కడ ఉప్పు అట్లాగే తెల్లగా మిగులుతుంది. చారలు ఒకటి రెండు కాదు, ఎన్నో రోజులవి. ఒకదాని మీద ఒకటి.

పక్కింటామె కూడా చూసింది. "అయ్యో," అని మెల్లగా కోళ్లను తోలుకుని వెళ్లిపోయింది.

నేను లోపలికి పోయాను. మా అత్త పైకప్పు చూస్తూ పడుకుని ఉంది.

"అత్తా, నీళ్లు బయట పోస్తాండావా?"

"కోళ్లు నోరు తెరుచుకోని తిరుగుతాండాయి ఎండకు. పాపం."

"కోళ్లకు వాళ్లు పోసుకుంటారు. నువ్వు తాగినావా లేదా?"

"దప్పికయితే తాగనా?"

"నాలుక చూపించు."

"నువ్వేమన్నా డాక్టరమ్మవా?"

"చూపించత్తా."

చూపించలేదు. కానీ పెదవులు చూస్తే చాలు. తెల్లగా పగిలి ఉన్నాయి. అన్నిరోజులూ నేను ఆమె మొహం కడుగుతూనే ఉన్నాను, తల దువ్వుతూనే ఉన్నాను. చూడలేదు. నా కళ్లు బొంత మీదే ఉన్నాయి, తడిసిందా లేదా అని.

"ఏమిటికి ఇట్ల చేసినావు?" అన్నాను.

"నీ చెయ్యి ఎట్ల వాచిందో చూసుకున్నావామ్మే? బొంత ఎత్తేటప్పుడు పెరట్లో 'అబ్బా' అంటావు. నాకు ఇనపడదనుకుంటావు. కాలు పోయింది గానీ నాకు చెవులు పోలేదు." కొంచెం ఆగి, ఊపిరి తీసుకుని అంది. "తాగకపోతే రాదు. రాకపోతే నువ్వు ఉతకవు. ఆ మిషన్ వచ్చేదాకా. నెల అంటాండాడు గదా వాడు."

"నెల నీళ్లు తాగకుండా ఉంటావా?"

"రెండు గుటకలు తాగుతాండాలే. చావనులే."

నేను చెంబు పట్టుకుని నోటి దగ్గర పెట్టాను. తల పక్కకు తిప్పింది. నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "తాగకపోతే నేను గూడా తాగను, చూస్తాము ఎవరు ముందర పడిపోతారో," అన్నాను. అప్పుడు రెండు గుటకలు తాగింది. రెండే.

ఆ సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. మా ఆయన బస్సు దిగి రాగానే డాక్టరును ఇంటికి పిలుచుకొచ్చాడు. డాక్టరు అత్త చర్మం పట్టి లాగి చూశాడు, పొట్ట కింద నొక్కి చూశాడు. మూత్రంలో చీము పట్టింది, ఒంట్లో నీళ్లు లేవు, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అనంతపురం పెద్దాసుపత్రికి పోవాల్సి వచ్చేది అన్నాడు. సూది వేసి, గ్లూకోజు సీసా తగిలించాడు.

మా అత్త ఆ సీసా వంక చూసి అడిగింది, "నాయనా, ఇది ఎక్కిస్తే ఇది గూడా బయటికి రాదా?"

"రావాలవ్వా. వస్తేనే నువ్వు బతుకుతావు," అన్నాడు డాక్టరు.

ఆమె నా వంక చూసింది, తప్పు చేసినదానిలా. ఆ చూపు నేను ఇప్పటికీ మోయలేను.

డాక్టరు పోయినాక మా ఆయనను బయట అరుగు మీదికి పిలిచాను. కిటికీ చారల సంగతి, కోళ్ల సంగతి చెప్పాను. బొంతలు తగ్గాయని సంతోషపడిన సంగతి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేదు.

"నువ్వు ట్యాంకు కట్టిచ్చేదాకా మీ యమ్మ ఉపవాసం ఉంటాదా?" అన్నాను. పెళ్లయి ముప్పై ఏళ్లలో నేను ఆయనతో అట్లా మాట్లాడింది తక్కువ. "నాకు ఆటోమేటిక్ వద్దు, పాటలు పాడేది వద్దు. ఉన్నదాన్ని తిప్పించు. రెండు నెలలు వస్తే రెండు నెలలు. రేపే."

ఆయన జేబులో నుంచి ఫోన్ తీసి మెకానిక్‌కు తనే చేశాడు. "ఏమప్పా, ఆ మోటార్ తెచ్చెయ్. గ్యారంటీ గీరంటీ ఏమొద్దు. తెచ్చెయ్ నువ్వు."

మోటార్ అనంతపురం నుంచి రావాలి, మూడు రోజులు పడుతుంది అన్నాడు మెకానిక్. ఆ మూడు రోజులు బొంతలు మా ఆయన పిండాడు. పని నుంచి రాగానే, లుంగీ ఎగ్గట్టి, పెరట్లో. నేను బొంత ఒక కొసను రాతి స్తంభానికి చుట్టి ఎడమ చేత్తో పట్టుకునేదాన్ని, ఆయన రెండో కొస పట్టుకుని మెలి తిప్పేవాడు. బండలు మోసే చేతులు కదా, ఒక్క తిప్పుకే నీళ్లన్నీ దిగిపోయేవి. తల్లి బట్టలు మగవాడు పిండడం మా వీధిలో ఎవరూ చూడలేదు. పక్కింటామె మొగుడు గోడ మీద గడ్డం ఆనించి అడిగాడు.

"ఏమన్నా, కొత్త మిషన్ తెచ్చినట్టుండారే?"

"అవునప్పా," అన్నాడు మా ఆయన మెలి తిప్పుతూనే. "ఆటోమేటిక్."

లోపల మంచం మీద మా అత్త నవ్వింది. నవ్వు దగ్గయింది. అప్పుడు నేను లోపలికి పరుగెత్తి నీళ్లు తాగించాను, నవ్వులో ఉండగానే. అరచెంబు తాగింది.

నాలుగో రోజు మోటార్ వచ్చింది. మెకానిక్ లోపలున్న మట్టంతా గీకి బయట పోశాడు, రబ్బరు మార్చాడు, కింద విరిగిన రేకు దగ్గర ఒక చెక్క ముక్క పెట్టి బిగించాడు. మా ఆయన ఆ మట్టిని చాటతో ఎత్తి తనే బయట పారేశాడు. ఇప్పుడు పని బట్టలు వీధి బోరు దగ్గరే ఆయనే జాడించుకుని ఇంట్లోకి తెస్తాడు.

డ్రయ్యర్ తిరుగుతోంది. కానీ ముందరి మాదిరి కాదు. తిరిగేటప్పుడు మిషన్ మొత్తం ఊగుతుంది, టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు మొదలైతే నేను పొయ్యి దగ్గర ఉన్నా, వాకిట్లో ఉన్నా కదలను. అది ఆగి, సరిగ్గా ఆగిందా లేక పోయిందా అని తెలిసేదాకా ఊపిరి ఆడదు. ట్యాంకు ఇంకా కట్టలేదు. కొత్తది కొనాలా వద్దా అని ఇప్పటికీ మాట్లాడుకుంటాము. కానీ వీధి అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడుకుంటాము.

మా అత్త జ్వరం తగ్గింది. నీళ్లు తాగుతుంది. కానీ చెంబు చేతిలో పెట్టిన ప్రతిసారీ ముందు ఒక మాట అడుగుతుంది.

"మిషన్ బాగుండాదా?"

"బాగుండాది. తాగత్తా."

అప్పుడు తాగుతుంది. నేను గొంతు కదలడం చూస్తూ నిలబడతాను, ఎన్ని గుటకలో లెక్క పెట్టుకుంటూ.

పోయిన వారం డ్రయ్యర్ మళ్లీ ఒకరోజంతా తిరగలేదు. వైరు ఏదో ఊడిందంట, తరువాత మెకానిక్ వచ్చి సరి చేశాడు. ఆ రోజు కూడా ఆమె అడిగింది. ఉతికే పక్క చప్పుడు ఎట్లాగూ వినిపిస్తోంది కదా అని, బాగుండాది అని చెప్పాను. చెంబు నిండా తాగింది. తడిసిన బొంతను పెరట్లోకి ఎత్తుకుపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా గోడ మీద వేశాను. అబద్ధం చెప్పానని నాకు బాధ లేదు. చప్పుడు వినిపించిందేమో అన్నదే భయం. లోపలికి వచ్చి చూస్తే కళ్లు మూసుకుని ఉంది. నిద్రో కాదో తెలియలేదు. చెంబు మాత్రం ఖాళీగా ఉంది. సందులోకి పోయి కిటికీ కింద నేల చూసి వచ్చాను. పొడిగా ఉంది.

ఇంతే నాకు వచ్చింది. రాసింది మళ్లీ చదివితే ఎక్కడ ఆపాలో, ఎక్కడ కలపాలో తెలియక అంతా ముద్దగా ఉన్నట్టుంది. మా అత్త గురించి రాసిన దాంట్లో, అక్షరాల్లో ఎక్కడ తప్పు కనిపించినా నన్ను మన్నించండి. చదువు తక్కువైనదాన్ని, మొదటిసారి రాస్తున్నదాన్ని.